కొలరాడో కొండల్లో ఎల్క్ వేట: బెంగళూరులో ఏమి కొనాలి, అక్కడ ఏమి కొనాలి?

సర్జాపుర_వాసి, బెంగళూరు

అందరికీ నమస్కారం. ఆగస్టులో కంపెనీ నన్ను ఏడాది పని మీద అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ పంపుతోంది. అక్కడి మా బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఏటా నవంబరులో కొలరాడో కొండల్లోకి ఎల్క్ వేటకు వెళతారట. మన కణుజు కన్నా పెద్దదైన దుప్పిజాతి జంతువది. ఈసారి నన్నూ రమ్మన్నారు. తుపాకీ, గుడారం ఆయన చూసుకుంటారు. బట్టలు, బూట్లు, దుర్భిణి, సంచి నావి.

నా సంగతి చెబుతాను. వయసు 43. కళ్లద్దాలు, మైనస్ నాలుగున్నర. పాదాలు వెడల్పు. ఎడమ మోకాలు దిగుడు దారిలో మొరాయిస్తుంది. పుట్టి పెరిగింది కనిగిరి దగ్గర, కాబట్టి ఎండ నన్నేమీ చేయలేదు. చలి అంటే డిసెంబరులో బెంగళూరు చలి ఒక్కటే తెలుసు. అరవై వేల దాకా పెట్టగలను. వీడియోలు చూస్తే ఒక్కొక్కరు చాంతాడంత జాబితా చదువుతున్నారు. అందులో నాకు నిజంగా కావలసినవి ఏవి? ఇక్కడే కొనాలా, అక్కడికి వెళ్లాక కొనాలా?

నిర్వాహకులు

ఈ చర్చ వేట చట్టబద్ధమైన చోటు గురించి మాత్రమే. మన దేశంలో వేటకు సలహాలు అడిగినా, ఇచ్చినా ఆ సందేశం తొలగిస్తాం.

నల్లమల_నీడ, జయనగర్

అటవీ శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాడిని. సర్జాపుర వాసి గారికి తెలిసే ఉంటుంది, చదివే కుర్రవాళ్ల కోసం రాస్తున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వేట నేరం. ఆ చట్టంలో వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం, పక్షిగూడు పాడుచేయడం, గుడ్లు తీయడం అన్నీ వేటలోకే వస్తాయి. ప్రయత్నం చేసినా వస్తుంది. "ఊరికే వల వేశాను సార్, ఏమీ పడలేదు" అన్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇక సరంజామా. చుక్కలూ మరకలూ ఉన్న సైనికుల తరహా బట్టలు మాత్రం కొని తెచ్చుకోకండి. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి తరువాత, పౌరులు అటువంటి దుస్తులు వేసుకోవద్దని సైన్యమే విజ్ఞప్తి చేసింది. అడవి చెక్‌పోస్టు దగ్గర ఆ చొక్కాతో దిగినవారిని పక్కకు పిలిచి ఆరా తీయని గార్డు లేడు. పోనీ వాటివల్ల అడవిలో లాభముందా అంటే, నా సర్వీసులో ఏ కణుజూ నా ఖాకీ రంగు చూసి పారిపోలేదు. కదలిక చూసి, చప్పుడు విని, వాసన పట్టి పారిపోయాయి.

పులికాటు_పిట్ట, చెన్నై

నాకు ఈ వేట ఏ దేశంలోనైనా నచ్చదు, ముందే చెబుతున్నాను. చూడటానికి వెళ్లినవాడు చూసి రావచ్చు కదా! అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అయినా దుర్భిణి విషయంలో డబ్బు పారబోసుకునేవారిని చూస్తే ఊరుకోలేను కాబట్టి తరువాత వచ్చి రాస్తాను.

మంచుదారి, వైట్‌ఫీల్డ్

పిట్ట గారూ, మీ అభిప్రాయం మీది. అక్కడ లైసెన్సుల డబ్బే రాష్ట్ర వన్యప్రాణి శాఖలకు పెద్ద ఆధారం. ఎన్ని జంతువులను వేటాడవచ్చో శాఖే తేలుస్తుంది. చంపి తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేస్తే కొలరాడోలో అదీ నేరమే. ఆ వాదన వేరే చోట పెట్టుకుందాం.

నేను అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో చాలా కాలం ఉండి తిరిగివచ్చాను. సర్జాపుర వాసి గారూ, వస్తువుల జాబితా పక్కన పెట్టి మీ పెద్దాయనను రెండు ప్రశ్నలు అడగండి. నడిచే వేటా, కూర్చునే వేటా? ఎంత ఎత్తులో? రోజంతా లోయలు ఎక్కి దిగేవారికీ, ఒక గట్టు మీద ఆరు గంటలు కదలకుండా కూర్చునేవారికీ ఒకే కోటు పనికిరాదు. ఎల్క్ వేటలో సాధారణంగా రెండూ ఉంటాయి, చిక్కంతా అక్కడే. తెల్లవారకముందే గంటన్నర ఎక్కుతారు, చెమట పడుతుంది. పైకి చేరాక కూర్చుంటారు. సున్నాకు దిగువన గాలి వీస్తుంటే ఆ చెమటే మిమ్మల్ని వణికిస్తుంది.

అందుకని మొదటి నియమం, ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. మన ఎండలకు నూలే హాయి. అక్కడ చెమటను పీల్చి పట్టుకుని ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. బనియను, లోపలి ప్యాంటు, మేజోళ్లు అన్నీ మెరీనో ఉన్నివి గానీ పాలియెస్టర్‌వి గానీ కావాలి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, మూడు రోజులు తొడిగినా వాసన రాదు. పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది, చవక, కానీ రెండో రోజుకే గుడారంలో పక్కవాడు ముఖం తిప్పుకుంటాడు. దాని మీద పలుచటి ఫ్లీసు, అంటే నూగుగా ఉండే వెచ్చటి పాలియెస్టర్ చొక్కా. దాని మీద గాలినీ వాననూ ఆపే పైకోటు, చంకల కింద జిప్పులున్నది. నాలుగోది దూది కోటు, అంటే నూలు దూది కాదు, లోపల తేలికైన వెచ్చటి పొర కూరి ఉబ్బుగా కుట్టినది. దాన్ని నడిచేటప్పుడు సంచిలోనే ఉంచి, కూర్చోగానే, చలి పుట్టకముందే తొడుక్కోవాలి. పక్షి ఈకలు నింపినది తేలిక, కానీ తడిస్తే ముద్దయిపోతుంది. మొదటిసారి వెళ్లేవారికి కృత్రిమ దూదే మేలు.

బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించేంత తక్కువ బట్టలతో బయలుదేరండి. గుడారం దగ్గరే వెచ్చగా ఉందంటే కొండ సగం ఎక్కేసరికి తడిసిపోతారు.

సర్జాపుర_వాసి, బెంగళూరు

మంచుదారి గారూ, ధన్యవాదాలు. పెద్దాయనను అడిగాను. తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తు. ఉదయం నడక, పగలు కూర్చోవడం, సాయంత్రం మళ్లీ నడక. నవంబరు కాబట్టి మంచు ఉండవచ్చు, లేకపోవచ్చు అన్నారు. పైకోటు ఇక్కడ ఒక దుకాణంలో చూశాను, వానకు బాగానే ఆగుతుందట. తీసుకోనా?

మంచుదారి, వైట్‌ఫీల్డ్

దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. కోటు తొడుక్కుని, చేయి పైకెత్తి, చంక దగ్గర బట్టను బట్టకేసి రుద్దండి. తరువాత గోటితో చేతి మీద గీయండి. పొట్లాం విప్పినట్టు గరగరలాడితే అది వానలో ఆఫీసుకు వెళ్లడానికి పనికొస్తుంది, వేటకు కాదు. వేట కోట్లకు పై పొరను నూగు పట్టినట్టు మెత్తగా చేస్తారు, చప్పుడు కాదు. అవి బెంగళూరులో అరుదు. డెన్వర్‌లో కొనండి. జిప్పు లాగుడు ముక్కలు లోహపువైతే తీసేసి చిన్న తాడు కట్టుకోండి.

సంతబేరం, మారతహళ్లి

ఇన్ని కోట్లు ఎందుకండీ? ఎంత చెట్టుకు అంత గాలి. డెకాథ్లాన్‌లో సోలోన్యాక్ అనే బ్రాండు ఉంటుంది. ఫ్రాన్సులో వేటగాళ్ల కోసం పుట్టిందే, ఇక్కడ అడవిలో జంతువులను చూసేవారి పేరిట అమ్ముతారు. ఫ్లీసు, ప్యాంటు, టోపీ, చేతితొడుగులు అక్కడ సరసమైన ధరకు దొరుకుతాయి. మంచు కొండలకు వెళ్లేవారి లోపలి బట్టలు కూడా ఉంటాయి. లోపలి రెండు పొరలు ఇక్కడే కొనుక్కోండి, నప్పకపోతే మార్చుకోవచ్చు. బయటి రెండు పొరలు అక్కడ కొనండి. వేటకాలం ముగిశాక, జనవరిలో ధరలు పడిపోతాయి కానీ మీకు అది అందదు. పెద్దాయన దగ్గర పాత దూది కోటు ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి. ఏడాదికోసారి వేటకు వెళ్లేవాడి అటకలో మూడు కోట్లయినా ఉంటాయి.

నల్లమల_నీడ, జయనగర్

బూట్ల సంగతి ఎవరూ రాయలేదేమి? అరవై వేలలో మూడో వంతు పాదాలకే పెట్టండి. మిగతాదంతా తరువాత. వెడల్పు పాదాలన్నారు, కాబట్టి బూట్లు తొడిగి చూడకుండా కొనకండి. సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. అక్కడ వేసుకునే మందపాటి మేజోళ్లు వెంట తీసుకెళ్లి, వాటితోనే చూడండి. లేసు కట్టకుండా పాదాన్ని ముందుకు తోసి, మడమ వెనక చూపుడు వేలు దూరేంత చోటు ఉండాలి. తరువాత లేసు బిగించి ఏటవాలు బల్ల మీద కిందికి నడవండి, మెట్లయినా పరవాలేదు. బొటనవేలు ముందు గోడకు తగిలిందా, ఆ బూట్లు మీవి కావు. ఎక్కేటప్పుడు మడమ లేస్తే బొబ్బ ఖాయం.

చీలమండ దాటి ఉండే ఎత్తు తీసుకోండి. మోకాలికి బూట్లు చేసే మేలు తక్కువ, చేతికర్రలు చేసే మేలు ఎక్కువ. దిగుడులో రెండు కర్రలు వాడితే కొంత బరువు చేతులు మోస్తాయి.

మంచుదారి, వైట్‌ఫీల్డ్

అయ్యగారు చెప్పినదంతా నిజం, ఒక్కటి కలుపుతాను. అక్కడి వేట బూట్ల మీద 200, 400, 800 గ్రాములని రాసి ఉంటుంది. అది బూటు బరువు కాదు, లోపల కుట్టిన వెచ్చటి పొర మందం. ఎక్కువ గ్రాములు మంచివనుకుని 800 కొంటే నడకలో పాదాలు చెమటతో నానిపోతాయి, కూర్చోగానే గడ్డకడతాయి. చెట్టు మీది మంచెలో రోజంతా కూర్చునేవారికి అవి. మీ వేటకు 200 చాలు, మహా అయితే 400. కూర్చునేటప్పుడు కాళ్ల కింద ఒక నురుగు పలక వేసుకోండి. చలి సగం నేల నుంచే వస్తుంది.

వెడల్పు సైజులు అక్కడ విరివిగా దొరుకుతాయి. అందువల్ల బూట్లు కూడా డెన్వర్‌లోనే, కానీ ఆగస్టులో దిగిన వారానికే కొని, రెండు నెలలు వేసుకుని తిరగండి. వేటకు ముందు రోజు కొన్న బూట్లతో వచ్చినవారిని మేము మధ్యాహ్నానికి గుడారం దగ్గర కాపలాకు వదిలేసేవాళ్లం.

సర్జాపుర_వాసి, బెంగళూరు

అంటే బూట్లు అక్కడ, పైకోటు అక్కడ. మరి ఇక్కడ ఏమి కొనాలండీ! దుర్భిణి? పెద్దాయన పది రెట్లు చూపేది తీసుకో అన్నారు. దుకాణంలో ఇరవై రెట్లు చూపేది, అదీ చిన్నది, నాలుగు వేలకే ఇస్తానన్నారు.

పులికాటు_పిట్ట, చెన్నై

ఆ ఇరవై రెట్లది ముట్టుకోకండి!

దుర్భిణి మీద రెండు అంకెలుంటాయి. 8×42 అంటే ఎనిమిది రెట్లు, ముందు కటకం వెడల్పు 42 మిల్లీమీటర్లు. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే కంట్లోకి వచ్చే కాంతి కడ్డీ వెడల్పు తెలుస్తుంది. 8×42కు 5.25 మిల్లీమీటర్లు, 10×42కు 4.2. మీకు చూపించిన చిన్న ఇరవై రెట్లదానికి ముందు కటకం 25 ఉందనుకుందాం, అప్పుడు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. మిట్టమధ్యాహ్నం ఎదురింటి డాబా కనబడుతుంది. మునిమాపు వేళ చెట్ల కింద నల్లటి గుడ్డ కనబడుతుంది. పైగా రెట్లు పెరిగినకొద్దీ చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది, కనబడే మేర తగ్గుతుంది.

పులికాటు, నేలపట్టు, పళ్లికరణై ఎక్కడికి వెళ్లినా నా మెడలో ఉండేది 8×42. గూడబాతు ఎగురుతుంటే పట్టుకోవాలన్నా, పొదలో జీనువాయిని వెతకాలన్నా ఎనిమిదే హాయి. మీరూ ఎనిమిదే తీసుకోండి. వచ్చాక ఇక్కడ పక్షులను చూడటానికి పనికొస్తుంది, పుణ్యమూ వస్తుంది.

మంచుదారి, వైట్‌ఫీల్డ్

పొదల్లో అయితే ఎనిమిది, ఒప్పుకుంటాను. కొలరాడోలో ఎదుటి కొండ మీద కిలోమీటరు దూరాన గోధుమరంగు చుక్క ఎల్కా, బండరాయా అని తేల్చుకోవాలి. అక్కడ పదే మేలు. కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి చూస్తారు కాబట్టి వణుకు బాధ తక్కువ. పశ్చిమ రాష్ట్రాల వేటగాళ్లలో చాలామంది మెడలో 10×42 ఉంటుంది.

పులికాటు_పిట్ట, చెన్నై

అది మెడలో ఉంటే సాయంత్రానికి మెడ ఉండదు! ముప్పావు కిలో దాకా బరువు. పట్టీ మెడకు వేసుకోకుండా భుజాల మీదుగా వీపున దాటే కట్టు కొనుక్కోండి. ఇందులో మంచుదారి గారికీ అభ్యంతరం ఉండదనుకుంటాను.

కంటి_వైద్యురాలు, చెన్నై

మీ ఇద్దరి వాదనలో ఆయన కళ్లద్దాలను మరిచిపోయారు. దుర్భిణి వివరాల్లో కంటికీ కటకానికీ మధ్య దూరం అని ఒక అంకె ఉంటుంది. దానిని ఐ రిలీఫ్ అంటారు. అద్దాలు పెట్టుకునేవారికి అది కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి, 17 ఆపైన ఉంటే సుఖం. తక్కువైతే దృశ్యం చుట్టూ నల్లటి వలయం కనబడుతుంది, మధ్యలో చిన్న కిటికీ మిగులుతుంది. పది రెట్లవాటిలో ఈ దూరం తరచు తక్కువగా ఉంటుంది కాబట్టి చూసి కొనాలి. అద్దాలతో వాడేటప్పుడు కంటి దగ్గరి రబ్బరు గొట్టాలను పూర్తిగా లోపలికి తిప్పాలి. చాలామంది బయటికి లాగి పెట్టుకుని దుర్భిణి బాగాలేదంటారు.

రెండు కళ్లకూ సరిచేయడం ఇలా. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి, ఎడమ కంటికి దూరాన ఉన్న బోర్డు అక్షరాలు స్పష్టంగా కనబడేలా చేయండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టకుండా, కుడివైపు గొట్టం దగ్గరి చిన్న వలయాన్ని తిప్పి అదే బోర్డును స్పష్టం చేయండి. చాలావాటికి ఆ వలయం కుడివైపే ఉంటుంది. ఆ గుర్తు ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోండి. ఇక మధ్య చక్రం ఒక్కటే వాడాలి.

వయసు సంగతి కూడా. యవ్వనంలో చీకట్లో కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, యాభై దాటాక అయిదుకు అటూ ఇటూ. ఈ వయసులో 7×50 కొని మోసినా అది తెచ్చే వెలుగంతా మీ కంట్లోకి వెళ్లదు.

తుపాకీ పట్టబోతున్నారు కాబట్టి మీ బలమైన కన్ను ఏదో తెలుసుకోండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారాన్ని చూడండి. చేతులు కదపకుండా ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అది మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను బలమైతే ఆ సంగతి పెద్దాయనకు ముందే చెప్పండి.

సర్జాపుర_వాసి, బెంగళూరు

డాక్టరమ్మ గారూ, ఇప్పుడే చూశాను. కుడిచేతి వాటం, బలమైన కన్ను ఎడమది! ఏమి చేయాలి?

మంచుదారి, వైట్‌ఫీల్డ్

భయపడకండి. దూరదర్శిని బిగించిన రైఫిలుకు ఒక కన్ను మూసి గురి చూడవచ్చు. ఎగిరే పక్షిని రెండు కళ్లూ తెరిచి కొట్టే షాట్‌గన్‌లో అది పెద్ద చిక్కు. అయితే దూరదర్శినికి కన్ను మరీ దగ్గర పెట్టకండి, సాధారణంగా మూడు, నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. లేకపోతే పేలిన క్షణంలో దాని అంచు వచ్చి కనుబొమ మీద అర్ధచంద్రం గీస్తుంది, కళ్లద్దాలు ఉన్నవారికి ఇంకా ప్రమాదం. రైఫిలు మడమ, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, మీకు సరిపడాలి. ఆయన ఆరడుగులవారైతే ఆయన తుపాకీ మీకు పొడవవుతుంది, దూది కోటు తొడిగితే ఇంకా పొడవవుతుంది. వేటకు ముందు అదే కోటుతో శిక్షణ మైదానంలో కాల్చి చూడండి. ఎల్క్‌కు 30-06, 270 విన్చెస్టర్ వంటి తూటాలు పేల్చే రైఫిళ్లు మామూలు. ఇంకా శక్తిగల తూటా పేల్చే పెద్ద మ్యాగ్నమ్ ఇస్తానంటే కొత్తవారు వద్దనడమే మంచిది. తన్నుకు జడిసి కళ్లు మూసేవాడు గురి తప్పుతాడు. సరైన చోట తగలకపోతే గాయపడిన జంతువు పరుగెత్తి ఎక్కడో చస్తుంది, అంతకంటే పాపం లేదు.

అన్నిటికన్నా ముందు, మీ వీసా. వలసేతర వీసాపై, అంటే మీలా తాత్కాలికంగా ఉండే వీసాపై, ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి లైసెన్సు చేతికి రాకముందు శిక్షణ మైదానంలో కూడా తుపాకీ పట్టకండి. మీ కంపెనీ వలస న్యాయవాదిని ఒక మాట అడగండి. 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి కొలరాడోలో లైసెన్సు కావాలంటే వేట భద్రత శిక్షణ పత్రం తప్పనిసరి. దిగగానే ఆ పని చూడండి.

విల్లంబులు, కోరమంగళ

నేను వేటాడను, విలువిద్య సాధన చేస్తాను. తుపాకీకి చెప్పినదే వింటికీ వర్తిస్తుంది. చాచిన రెండు చేతుల కొస నుంచి కొస దాకా అంగుళాల్లో కొలిచి రెండున్నరతో భాగిస్తే మీరు లాగవలసిన పొడవు సుమారుగా వస్తుంది. ఎవరిదో విల్లు తీసుకుని లాగితే భుజం పోతుంది.

నేను రాయాలనుకున్నది సంచి గురించి. అందరూ లీటర్లు చూసి కొంటారు, వీపు పొడవు చూడరు. తల వంచితే మెడ అడుగున పొడుచుకొచ్చే ఎముక తగులుతుంది. అక్కడి నుంచి నడుము ఎముకల పైఅంచు ఎత్తు దాకా టేపుతో కొలవండి. ఆ కొలతకు సరిపడే సంచి అయితేనే బరువు తుంటి మీద కూర్చుంటుంది, లేకపోతే భుజాలు లాగేస్తాయి. నా ఎత్తు అయిదడుగులు. మగవారి కొలతలతో చేసిన సంచి పట్టీ నాకు నడుము మీద కాకుండా తొడల మీదికి జారుతుంది. ఆడవాళ్లు చదువుతుంటే గమనించండి, గులాబీ రంగు వేసినంత మాత్రాన అది ఆడవారి కొలత కాదు.

మంచుదారి, వైట్‌ఫీల్డ్

బాగా చెప్పారమ్మా. ఎల్క్ విషయంలో సంచి అంటే చట్రం ఉన్న సంచే. మగ ఎల్క్ మూడు వందల కిలోలకు పైగా తూగుతుంది. ఎముక తీసినా దాదాపు తొంభై కిలోల మాంసం, దాన్ని ఇద్దరే మోయాలంటే రెండు మూడు విడతలు. ఆ సంచి ఖరీదు, వాడకం తక్కువ. ఒక్క వేటకు కొనకండి, పెద్దాయన దగ్గర రెండోది ఉంటుంది. మీ ఖర్చులో గాలి ఆడే మాంసపు సంచులు, పలుచటి రబ్బరు చేతితొడుగులు మాత్రం రాసుకోండి. అక్కడి దుప్పిజాతిలో మెదడును తినే ఒక జబ్బు ఉంది, మనుషులకు సోకిన దాఖలా లేకపోయినా, సోకిన జంతువు మాంసం తినవద్దనే అక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది. పరీక్షకు నమూనా ఇచ్చి, ఫలితం వచ్చాకే వండుకోండి.

సంతబేరం, మారతహళ్లి

ఇంతకీ రంగు? నల్లమల గారు మరకల బట్టలు వద్దన్నారు. అక్కడ నారింజ రంగు జాకెట్టు వేసుకుంటారని విన్నాను. మిలమిల మెరిసే రంగు వేసుకుని వేటేమిటి?

మంచుదారి, వైట్‌ఫీల్డ్

అది చట్టం. కొలరాడోలో రైఫిలుతో ఎల్క్ వేటాడేవారు నడుముపైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ గానీ గులాబీ గానీ వేసుకోవాలి, తలకు కూడా అదే రంగు. మరకల నారింజ చెల్లదు. సాటి వేటగాడి తూటా తగలకుండా అది. జంతువుకు ఇబ్బంది లేదు. దుప్పిజాతి కంట్లో రంగులు పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. ఎరుపు, నారింజ వాటికి మందకొడిగా కనబడతాయి. నీలం మాత్రం బాగా కనబడుతుంది, అతినీల లోహితం కూడా కొంత. అందుకే వేట బట్టలను మెరుపు తెప్పించే సబ్బు పొడితో ఉతకవద్దంటారు. మన సబ్బు పొడులు చాలావరకు ఆ బాపతే. కొత్త బట్టలు ఇక్కడ ఉతకకుండానే తీసుకెళ్లండి. నీలం జీన్సు సూట్‌కేసులోనే ఉండనివ్వండి.

రంగు కన్నా గాలి ముఖ్యం. ఎదురుగాలిలో నడిస్తే ఇరవై అడుగుల దూరానికి చేరవచ్చు, గాలి మీ వీపు మీద ఉంటే అర కిలోమీటరు నుంచే పసిగడతాయి. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి పౌడరు డబ్బా ఒకటి జేబులో పెట్టుకుని చిటికెడు ఊదుతుండండి.

పులికాటు_పిట్ట, చెన్నై

పక్షులకు ఈ లెక్క వర్తించదు. వాటికి నాలుగు రకాల కణాలు, మనకన్నా ఎక్కువ రంగులు చూస్తాయి. నారింజ జాకెట్టుతో హెసరఘట్ట చెరువుకు వెళ్లకండి, చెరువు మొత్తం ఖాళీ చేస్తారు.

ఒక ముఖ్యమైన మాట. దుర్భిణి తెచ్చాక తోలు పెట్టెలో పెట్టి బీరువాలో పడేయకండి. చెన్నై తేమకు కటకాల లోపల బూజు సాలెగూడులా పాకుతుంది, బెంగళూరు వానాకాలమూ తక్కువ కాదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, గింజల రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడండి. కొనేటప్పుడే నైట్రోజన్ నింపి మూసినది, నీరు చొరనిది తీసుకోండి. చలిలోంచి వెచ్చటి గుడారంలోకి వచ్చినా లోపల మంచు పట్టదు. మొదట్లో దెప్పాను కానీ, పదా ఎనిమిదా అన్న వాదనలో ఒక చిన్న దారి. దుర్భిణి ఇక్కడే 8×42 కొనుక్కోండి, మీకు అలవాటవుతుంది. పెద్దాయన మెడలో పదిది ఎలాగూ ఉంటుంది కదా.

మంచుదారి, వైట్‌ఫీల్డ్

ఇద్దరూ ఒకే కొండను చూస్తున్నప్పుడు అది చాలు. ఓడిపోయానని మాత్రం రాయను.

సర్జాపుర_వాసి, బెంగళూరు

అయితే ఇక్కడ కొనేవి: అద్దాలకు సరిపడే 8×42 దుర్భిణి, భుజాల కట్టు, ఉన్ని బనియన్లు, మేజోళ్లు, ఫ్లీసు. డెన్వర్‌లో బూట్లు, పైకోటు, దూది కోటు, నారింజ జాకెట్టు, కర్రలు. సంచి అరువు. ఈ ఆదివారం నుంచి నంది కొండ మెట్ల దారి మొదలుపెడతాను. ఇంకొక ప్రశ్న. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం, గార్మిన్ ఇన్‌రీచ్ వంటిది కొందామనుకుంటున్నాను. తరువాత ఇక్కడ పశ్చిమ కనుమల్లో కూడా వాడుకోవచ్చు కదా?

నల్లమల_నీడ, జయనగర్

వాడుకోకూడదు. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలోకి ఉపగ్రహ ఫోన్లు, అటువంటి సందేశ పరికరాలు తేవడం నేరం. తెలియక తెచ్చిన విదేశీ యాత్రికులను విమానాశ్రయంలోనే నిలిపేసిన సందర్భాలున్నాయి. అక్కడ వాడండి, అక్కడే అమ్మేయండి. మీది ఐఫోన్ 14 గానీ ఆ తరువాతిది గానీ అయితే అమెరికాలో ఆపద సందేశానికి ఆ ఫోనే ఉపగ్రహాన్ని అందుకుంటుంది. కొమ్ములు, తోలు కూడా జ్ఞాపకంగా తేకండి, ఇక్కడ కస్టమ్స్‌కు సమాధానం చెప్పుకోలేరు.

మంచుదారి, వైట్‌ఫీల్డ్

మరొకటి. వేటకు వాడిన సంచినీ కోటునూ విమానంలో తీసుకురావలసి వస్తే అన్ని జేబులూ తిరగేసి దులపండి. అడుగు కుట్టులో ఒక్క తూటా మిగిలినా ఇక్కడి విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని చివరికి కోర్టు నమ్మినా, అప్పటిదాకా తిరగాలి. ఆ కోటు పెద్దాయనకే ఇచ్చేసి వస్తే ఇంకా మంచిది.

సంతబేరం, మారతహళ్లి

లేదా నాకు అమ్మండి, సగం ధరకు. జేబులు నేనే దులుపుకుంటాను.